తెల్లమొహం

మా ఇంట్లో ఆవకాయ జాడీకి కళ్ళూ ముక్కూ నోరూ ఉన్నాయి. ఇంటికొచ్చిన చుట్టాలు జాడీని చూసి ఒకసారి, నన్ను చూసి ఒకసారి నవ్వుతారు. రెండో నవ్వే ఎక్కువసేపు సాగుతుంది. మా బరంపురం వీధిలో ఈ కథ ఇప్పటికే నాలుగు రకాలుగా తిరుగుతోంది. ఒక రకంలో నేను జాడీకి పూజ కూడా చేస్తున్నానట. అందుకని జరిగింది జరిగినట్టు నేనే చెప్పేస్తే, పరువు రాకపోయినా లెక్కయినా తేలుతుంది.

తప్పు మా బావమరిది మీదకి నెట్టేద్దామని చాలా ప్రయత్నించాను. వాడు గాబన్ దేశంలో, లిబ్రవిల్ పక్కన ఒక ప్లైవుడ్ ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. ఉగాదికి వీడియో కాల్ చేసినప్పుడు వాడి వెనక గోడ మీద ఒక తెల్లటి మొహం వేలాడుతోంది. ముందుకు పొంగిన నుదురు, సగం మూసిన కళ్ళు, ఎర్రటి పెదాలు, నెత్తిన పెద్ద కొప్పు. నేను వాడి క్షేమసమాచారాలు వదిలేసి దాన్నే చూస్తూ ఉండిపోయాను.

"అది పునూ వాళ్ళ మొహం బావా. ఈ దేశానికి దక్షిణాన ఉంటారు వాళ్ళు. చెక్కతో చేసి తెల్ల సుద్ద పూస్తారు" అన్నాడు. తర్వాత ధర చెప్పాడు.

ఆ ధర విన్నాక నా నోటివెంట నా జన్మనక్షత్రంలోనే రాసిపెట్టిన మాట వచ్చేసింది. "ఇదెంత పని! నాలుగు పాత పేపర్లుంటే ఇక్కడే చేసేస్తాను."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. నేను గుమాస్తా ఉద్యోగం నుంచి రిటైరైన ఈ మూడేళ్ళలో 'ఇదెంత పని' అన్న ప్రతిసారీ మా ఇంట్లో ఒక వస్తువు తగ్గింది. మొదట మిక్సీ, తర్వాత గోడగడియారం, ఆ తర్వాత పెరటి కుళాయి. కుళాయి విషయంలో వస్తువు తగ్గలేదు గానీ నీళ్ళు పెరిగాయి.

అన్నమాట అన్నాక చదవకపోతే ఎలా? చదివాను. పునూ వాళ్ళ మొహాలు అందమైన ఆడవాళ్ళ రూపాలు, కానీ వాటిని తొడుక్కుని ఆడేది మగవాళ్ళు. ఆ తెలుపు అలంకారం కోసం కాదు, అది పితృలోకపు రంగు. నుదుటి మీద పొలుసుల్లాంటి తొమ్మిది బుడిపెలు ఒక గుంపుగా ఉంటాయి. అన్నిటికంటే నన్ను పడగొట్టిన సంగతి వేరే ఉంది. ఆ మొహం పెట్టుకున్నవాడు నేల మీద ఆడడు, ఎత్తయిన కర్రకాళ్ళు కట్టుకుని ఆడతాడు. కర్రకాళ్ళంటే మా గంజాం వాళ్ళకి కొత్తా? రణపా అని, గొల్లకుర్రాళ్ళు కాళ్ళకి వెదుళ్ళు కట్టుకుని డోలుకి తగ్గట్టు గెంతే ఆట ఈ జిల్లాదే కదా! గాబన్, గంజాం. పేర్లు కూడా ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. ఇక నన్ను ఆపేదెవరు?

ఆపడానికి మా ఆవిడ ఒక ప్రయత్నం చేసింది. అదే వారం అటక సర్దుదాం, పాత సామానంతా తూకానికి వేసేద్దాం అంది. సరిగ్గా ఆ సమయానికి నా చేతిలో ఒక గొప్ప ఆయుధం ఉంది. ఫ్రాన్సులో ఒక ముసలి దంపతులు ఇలాగే ఇల్లు ఖాళీ చేస్తూ, 2021లో అటక మీది ఒక పాత చెక్క మొహాన్ని పాత సామాన్ల వ్యాపారికి 150 యూరోలకి అమ్మేశారు. అది గాబన్‌లోని ఫాంగ్ వాళ్ళది. మరుసటి ఏడాది మోంపెల్యే ఊళ్ళో వేలం వేస్తే 42 లక్షల యూరోలు పలికింది. ఆ దంపతులు పేపర్లో చదివి గుండె బాదుకుని కోర్టుకెళ్ళారు, 2023 చివర్లో ఓడిపోయారు. అది మా వస్తువు, మా దేశానికి పంపండని గాబన్ వాళ్ళు కూడా అడిగారు. అసలు న్యాయం అదేనని నాకూ అనిపించింది గానీ, ఆ క్షణంలో నాక్కావలసింది న్యాయం కాదు, అటక.

"చూశావా, అటక దులిపితే ఏమవుతుందో?" అన్నాను.

"వాళ్ళింట్లోకి ఆ మొహం ఎలా వచ్చిందిట?"

"ఆయన తాతగారు ఫ్రెంచివాళ్ళ పాలనలో ఆఫ్రికాలో గవర్నరుగా చేశాడట."

"మీ తాతగారో?"

"కరణం."

"అయితే మన అటక మీద కరణీకం కాగితాలే ఉంటాయి. దింపండి."

దింపాను. ఒకందుకు మంచిదే అయింది. ముడిసరుకు దొరికింది.

కాగితాలకి జిగురు కావాలి కదా. మైదా ఉడకబెడితే సరిపోయేది. కానీ నాకు శాస్త్రం ప్రకారం చెయ్యాలని బుద్ధి పుట్టింది. పూరీ దగ్గర రఘురాజపురంలో పటచిత్రాలు వేసేవాళ్ళు, పర్లాకిమిడిలో గంజిఫా చీట్లు చేసేవాళ్ళు చింతపిక్కల జిగురుతోనే గుడ్డ మీద గుడ్డ అతికి, పైన సుద్ద పూసి, రాయితో నునుపు చేస్తారు. చింతపిక్కలు మా ఇంట్లో ఒక డబ్బా నిండా ఉన్నాయి. నేనెన్నడూ అవి ఎందుకున్నాయని అడగలేదు. రెండు రోజులు నానబెట్టి, పొట్టు తీసి, కొత్త మిక్సీలో తిప్పి, ఉడకబెట్టేశాను. కొత్త మిక్సీ బతికింది. అది కూడా చెప్పుకోవాలి.

సాయంత్రం మా అత్తగారు వామనగుంటల పీట ముందు కూర్చుని డబ్బా కోసం చూశారు.

ఇక్కడ మా అత్తగారి మర్యాద గురించి చెప్పాలి. ఆవిడది సోంపేట. మా దగ్గరికొచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో అల్లుడితో ఒక్క మాట కూడా నేరుగా మాట్లాడలేదు. నేను రెండడుగుల దూరంలో కూర్చున్నా సరే, ప్రశ్న కూతురి మీదుగా రావాలి, జవాబు కూతురి మీదుగా వెళ్ళాలి. మధ్యలో మా ఆవిడ లేకపోతే గోడకి చెబుతారు.

"ఒసే, మీ ఆయన్ని అడగవే, నా పిక్కలేమయ్యాయో."

"ఉడికిపోయాయట అమ్మా."

ఆవిడ చాలాసేపు ఖాళీ పీటను చూస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి బావమరిది ఫోన్ చేసి తల్లి గోడు విని, "అమ్మా, ఇక్కడా ఇదే ఆట ఉంది. సోంగో అంటారు. రెండు వరసలు, వరసకి ఏడు గుంటలు, అచ్చం మన పీటే" అన్నాడు. అంటే ఆఫ్రికా మా ఇంట్లో పీట రూపంలో తొమ్మిదేళ్ళుగా ఉంది. నేను చేసిందల్లా దాన్ని మిక్సీలో వెయ్యడం.

ఇప్పుడు అచ్చు సంగతి. కాగితం మొహం దేనిమీదనైనా అతికి ఆరబెట్టాలి. బెలూన్ ఊదాను, అది మొదటి పొరకే జారిపోయి గుమ్మడికాయలా ఒక పక్కకి ఒరిగింది. మూకుడు బోర్లించాను, మొహం మరీ పళ్ళెంలా వచ్చింది. పునూ మొహానికి ఉన్న నుదుటి పొంగు ఎక్కడ దొరుకుతుంది? మేడమీదకి వెళ్ళి ఆలోచిస్తుంటే, అప్పడాల పక్కన ఎండలో, నున్నగా, నిండుగా, నుదురంటే ఇలా ఉండాలి అన్నట్టు కూర్చుని ఉంది మా అత్తగారి ఆవకాయ జాడీ.

అది వాళ్ళ అత్తగారి నుంచి ఆవిడకి వచ్చిన జాడీ. పది శేర్ల ఆవకాయ పడుతుంది. కడిగి, తుడిచి, రెండు రోజులు ఎండబెట్టమని మోకాళ్ళనొప్పుల వల్ల మేడ ఎక్కలేని ఆవిడ, కూతురి ద్వారా, నాకే అప్పగించారు. దొంగచేతికి తాళాలు అంటే ఇదే.

ఏడు పొరలు వేశాను. బుగ్గల దాకా వేసి ఆపుదామనుకున్నాను గానీ చెవులు లేకపోతే అందమేముంది అని చెవుల దాకా వెళ్ళాను. చెవుల వెనక కొప్పు తిరగాలి కదా అని ఇంకాస్త వెనక్కి వెళ్ళాను. నానిన కాగితం గుజ్జుతో ముక్కు నిలబెట్టాను. కొప్పుకి కొబ్బరిపీచు అతికాను. నుదుటి మీద తొమ్మిది బుడిపెలకి తొమ్మిది శనగపప్పు బద్దలు అంటించాను. మర్నాటికి ఉడత రెండు తినేసింది, మళ్ళీ అంటించాను.

బరంపురానికి గోపాలపురం సముద్రం పదహారు కిలోమీటర్లే. వేసవిలో చొక్కా ఆరదు, ఇక ఏడు పొరల కాగితం ఆరుతుందా? రోజూ సాయంత్రం కింద నుంచి ప్రశ్న వచ్చేది.

"ఒసే, మీ ఆయన్ని అడగవే, జాడీ ఆరిందేమో."

"ఇంకా తేమగా ఉందట అమ్మా."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నా జీవితంలో అంత నిజాయితీగా ఎన్నడూ మోసం చెయ్యలేదు.

అయిదో రోజుకి సుద్ద పూశాను. నునుపు రాయి దొరక్క ఇత్తడి గ్లాసుతో రుద్దాను. పారాణితో పెదాలు దిద్దాను. దూరంగా నిలబడి చూసుకున్నాను. పునూ శిల్పి చేతిలో ఆ సగం మూసిన కళ్ళు ఏదో లోకంలోకి చూస్తున్నట్టుంటాయి. నా చేతిలో అవి మధ్యాహ్నం భోజనం తర్వాత ఆఫీసులో కునుకు తీసే గుమాస్తా కళ్ళలా వచ్చాయి. ముప్ఫై నాలుగేళ్ళ అనుభవం ఎక్కడికి పోతుంది? తెల్లమొహం వెయ్యడం ఒక్కటే నాకు సహజంగా వచ్చిన విద్య అని ఆ రోజు అర్థమైంది.

అయినా గర్వం తగ్గలేదు. దాన్ని మా పడకగదిలో మంచం పైన తగిలిద్దామని నిర్ణయించాను. దీనికీ పూర్వాపరాలు ఉన్నాయి. పారిస్ చిత్రకారుడు వ్లామింక్ తన దగ్గరున్న ఫాంగ్ మొహాన్ని మంచం పైనే తగిలించుకున్నాడు. స్నేహితుడు దెరేన్ వచ్చి చూసి నోట మాట రాక నిలబడిపోయాడు. ఇరవై ఫ్రాంకులిస్తానన్నాడు, వ్లామింక్ ఇవ్వనన్నాడు, వారం తిరక్కుండా యాభై ఇచ్చి పట్టుకుపోయాడు. అదంతా 1906 నాటి మాట. మరుసటి ఏడాది పికాసో కూడా త్రోకదేరో మ్యూజియంలో ఇలాంటి మొహాల మధ్య తిరిగి మతిపోగొట్టుకున్నాడు. వాళ్ళ బొమ్మల రూపురేఖలే మారిపోయాయి.

మా ఇంట్లోనూ నోట మాట రాక నిలబడిపోవడం జరిగింది. ఆ ఉదయం మామిడికాయలు వచ్చాయి. ముక్కలు కొట్టించి, తుడిచి, ఆరబెట్టి, ఆవపిండి, కారం, ఉప్పు కొలిచి, నూనె పక్కన పెట్టుకుని, జాడీ కోసం మా ఆవిడే మేడెక్కింది. నేను వెనకాలే పరిగెత్తాను. ఆవిడ జాడీని చూసింది. జాడీ సగం కళ్ళతో ఆవిడని చూసింది. యాభై ఫ్రాంకుల మాట మాత్రం రాలేదు.

ఊడదీసి ఇచ్చేద్దామని చెవులు పట్టుకుని లాగాను. కదల్లేదు. కింద చెయ్యిపెట్టి లాగాను. ఊహూఁ. మా ఆవిడ ఏమీ అనకుండా జాడీని చంకనెత్తుకుని, పిల్లని ఎత్తుకున్నట్టే ఎత్తుకుని, కిందకి దిగింది.

మా అత్తగారు కళ్ళజోడు సరిచేసుకున్నారు. "ఒసే, మీ ఆయన్ని అడగవే, ఎవరావిడ?"

తర్వాత ఆవిడ చేసిన పని నేను ఊహించనిది. కాళ్ళు ముడుచుకుని, చేతులు జోడించారు. ఆవిడ తప్పేమీ లేదు. అవి ఠాకురాణి యాత్ర రోజులు. రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి నేతపనివారి దేశిబెహరా వీధిలో తన పుట్టింటికి వచ్చి కొలువుంటుంది. ఆ రోజుల్లో బరంపురంలో ఏ మొహం ఎదురైనా ముందు దణ్ణం పెట్టి తర్వాత ఎవరని అడగడమే క్షేమం. మొక్కుకున్నవాళ్ళంతా వేషాలు కట్టుకుని రోడ్డు మీదే ఉంటారు. సైకిల్ మీద శివుడు పోతుంటాడు, పాన్ దుకాణం దగ్గర కాళి నిలబడి ఉంటుంది, డప్పుకి ఒళ్ళంతా పసుపుపచ్చ రంగూ నల్లచారలూ తోకా ఉన్న పులి గంతులేస్తుంటుంది. నాకు ఆరేళ్ళప్పుడు ఆటలమ్మ పోసి తగ్గితే మా అమ్మ నాకు పులివేషం మొక్కింది. నా బతుకులో వేసిన ఒకే ఒక్క వేషం అది. వీధి మలుపులో అసలు పులి, అంటే పెద్దవాడు వేసిన పులి, ఎదురయ్యేసరికి ఈ పులి అమ్మ చీర కుచ్చిళ్ళలో దూరి, రంగంతా చీరకి పూసి, మనిషై బయటికొచ్చింది.

ఇంత మొహాల ఊళ్ళో పుట్టి, ఒక్క మొహం ఎలా చేస్తారో ఎవర్నీ అడగకుండా లిబ్రవిల్ గోడ చూసి మొదలుపెట్టిన మనిషిని ఏమనాలి? మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

చివరికి వీధి చివర వడ్రంగి మేస్త్రీని పిలిచాం. ఆయన దిగపహండి వైపు పల్లెటూరివాడు. జాడీని నాలుగు వైపులా తిప్పి, వేలితో తట్టి విని, ఒడియాలో ఒకే ముక్క అడిగాడు. "నూనె రాశారా బాబూ, అచ్చుకి?"

రాయలేదు.

"సగం దాటి వేశారు. సగం దాటితే బొమ్మ రాదు. పైగా కాగితం ఆరుతుంటే ముడుచుకుంటుంది. ఇది ముడుచుకుని జాడీని కావలించుకుంది." కాసేపాగి, నన్ను ఓదార్చడానికి కాబోలు, "పట్టు మాత్రం బాగా ఉంది" అన్నాడు.

టీ తాగుతూ వాళ్ళ ఊరి మొహం గురించి చెప్పాడు. ప్రహ్లాద నాటకంలో నరసింహస్వామి మొహం అది. చెక్కది. ఏడాది పొడుగునా గుళ్ళో పూజలందుకుంటూ ఉంటుంది. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక మీద రాత్రంతా హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ గర్జించాక, తెల్లవారుతుండగా ఆ మొహం బయటికొస్తుంది. అది పెట్టుకునేవాడు ఉపవాసం ఉండాలి. పెట్టుకున్నాక వాడు వాడు కాదు, పూనకమే. నలుగురు పట్టుకుని ఆపకపోతే హిరణ్యకశిపుడి వేషగాడి ప్రాణానికే ముప్పు. వాళ్ళ అన్నగారు పదకొండేళ్ళు ఆ మొహం ధరించాడట. మేస్త్రీ మాత్రం ఒక్కసారీ పెట్టుకోలేదు. "ముట్టుకోవడానికే భయం బాబూ" అన్నాడు. అప్పుడు నా జాడీ వైపు చూసి, మర్యాదకి, తల తిప్పుకున్నాడు.

ప్రహ్లాద నాటకం మాట వినగానే మా అత్తగారు గోడవైపు తిరిగి అందుకున్నారు. "ఆ నాటకం జలంత్రకోట రాజా రామకృష్ణ ఛోటరాయలవారి పేరు మీద ఉన్నది కాదూ? జలంత్రకోట మా కంచిలి పక్కనే." గోడ ఒప్పుకుంది. నిజమే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గీసిన గీతకి బరంపురం ఇటూ జలంత్రకోట అటూ పడ్డాయి గానీ, నాటకం మాత్రం గీత మీదనే ఆడుతోంది. ఒడియా నాటకానికి మా వైపు రాజు కర్త అని అత్తగారికీ, ఆడేది మా పల్లెలే అని మేస్త్రీకీ గర్వం. ఆ అరగంటలో ఇద్దరూ నా సంగతి మరిచిపోయినందుకు ఆ రాజావారికి మనసులోనే నమస్కారం పెట్టుకున్నాను.

టీ అయిపోయింది. మళ్ళీ గుర్తొచ్చాను.

మేస్త్రీ రెండు దార్లు చెప్పాడు. ఒకటి, వెనకనుంచి రంపపు కత్తితో కోసి, తీసి, మళ్ళీ అతకడం. "నా జాడీ మీద కత్తి పడితే నేను సోంపేట బండెక్కుతానని చెప్పవే" అన్నారు అత్తగారు. రెండోది, నీళ్ళలో నానబెట్టడం. చింతపిక్కల జిగురే కనక పూటలో కరిగి ఊడిపోతుంది. నేను గుండె రాయి చేసుకుని బకెట్ తేబోయాను. అప్పుడు వినిపించింది, ఆ మొహాన్ని బతికించిన మాట. "ఆరిన జాడీకి నీళ్ళా? ఆవకాయ వేళ? బుద్ధుందా అని అడగవే!"

ముక్కలు ఆరిపోతున్నాయి. ఆవపిండి ఘాటు ఇల్లంతా అలుముకుంది. వేరే జాడీ కొందామంటే, కొత్త జాడీలో ఆవకాయ కుదరదని ఆవిడ సిద్ధాంతం. అయిదు నిమిషాల మౌనం తర్వాత మా అత్తగారు కొంగు దోపుకుని, నా కళాఖండం నెత్తిలోకి చెయ్యిపెట్టి, మొదటి వాయి ముక్కలు దించారు. తర్వాత నూనె. తర్వాత మూతి మీద తెల్ల గుడ్డ పెట్టి వాసెన కట్టారు. ఆ గుడ్డ కొప్పు మీదుగా దిగి ముసుగులా కూర్చుంది. నుదుటి మీది శనగపప్పు బద్దలు లెక్కపెట్టి, "తొమ్మిది. నవగ్రహాలు కాబోలు" అని ఒక రకంగా సమాధానపడ్డారు కూడా.

బావమరిదికి వీడియోలో చూపించాం. వాడు ఫ్యాక్టరీలో తన పక్క సీటాయనకి, ఆ దేశస్థుడికే, చూపించాడు. ఆయన నవ్వలేదు. శ్రద్ధగా చూసి, "దీన్ని పెట్టుకుని ఆడేదెవరు?" అని అడిగాడట. మొహం ఉంటే ఆట ఉండాలి, ఆట లేని మొహం ఆయనకి అర్థం కాలేదు. ఏం చెప్పావురా అన్నాను. "మామిడికాయ అని చెప్పాను బావా" అన్నాడు.

ఇంకొక్కటి మిగిలింది, చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. నాకు రక్తపోటు. ఆవకాయ ముట్టుకోవద్దని డాక్టరు రాసిచ్చిన కాగితాన్ని మా ఆవిడ ఫ్రిజ్ మీద అంటించింది. ప్రతి ఏడాదీ నేను రాత్రి పన్నెండు దాటాక, అందరూ పడుకున్నాక, సామాన్ల గదిలోకి వెళ్ళి వాసెన విప్పి, ఒక ముక్కా, కాస్త ఊటా, పెరుగన్నంలోకి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ దొరకలేదు. ఈసారి గదిలోకి వెళ్ళి లైటు వెయ్యకుండా ఫోన్ వెలుగు చూపేసరికి, చీకట్లోంచి తెల్లటి మొహం పైకి లేచింది. నేను చేసిన మొహమే. అయినా ఆరేళ్ళ పులి మళ్ళీ బయటికొచ్చి కుచ్చిళ్ళు వెతుక్కుంది. గుండె దడ తగ్గాక చూస్తే, ఆ కళ్ళు సగం మూసి ఉన్నాయి. చూసీ చూడనట్టున్నాయి. నేను చేసిన పనుల్లో ఇదొక్కటే కలిసొచ్చిందనుకుని, చెయ్యి వణుకుతుండగా గరిటె ముంచి, ముక్క తీసుకుని, వాసెన ముందున్నట్టే కట్టి వచ్చేశాను.

తెల్లవారాక కాఫీ తాగుతుంటే సామాన్ల గదిలోంచి గొంతు వినిపించింది.

"ఒసే, మీ ఆయన్ని అడగవే, ఈవిడ మూతికి ఎర్రనూనె ఎవరు పూశారో."

మా ఆవిడ వెళ్ళి చూసింది. నేనూ వెళ్ళి చూశాను. సుద్ద మీద, పెదవి చివర నుంచి గడ్డం దాకా, చక్కగా ఒకటే చార.

"ఏమో అమ్మా, ఆయనకి తెలీదట" అంది మా ఆవిడ, నా బనీను మీది మరకని చూస్తూ.